పాసయ్యారా... పడిపోయారా?

'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019'... ఇంటర్వ్యూల్లో మనవాళ్లు ఠక్కున చెప్పే మాట. అడిగేది హైదరాబాద్ కంపెనీ అయితే ఏ ఇబ్బందీ లేదు. అదే ఫోన్లో అవతల ఉన్నది అమెరికావాళ్లయితే మాత్రం 'అయ్యో, ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?' అన్నా అనొచ్చు! వాళ్ల వాడుకలో పాసవుట్ అంటే స్పృహ తప్పడం. ఎండకు కళ్లు తిరిగి పడిపోయినా, మందు ఎక్కువై సోలిపోయినా అదే మాట. టీచర్ ప్రశ్నపత్రాలు 'పాసవుట్' చేశారంటే పంచిపెట్టారని.

అలాగని మనం దీన్ని గాల్లోంచి పుట్టించలేదు. సైనిక, పోలీసు శిక్షణ పూర్తిచేసుకుని బయటికి రావడాన్ని బ్రిటిష్ ఇంగ్లిషులో పాసింగ్ అవుట్ అంటారు. శివరాంపల్లిలోని జాతీయ పోలీస్ అకాడమీలో ఐపీఎస్‌ల పాసింగ్ అవుట్ పరేడ్ గురించి పేపర్లో చదువుతూనే ఉంటాంగా. మనం ఆ మాటను కాలేజీలకూ తెచ్చుకున్నాం. అక్కడితో ఆగామా? 'అబ్బాయి ఏ ఇయర్ పాసవుటండీ?' అంటూ పెళ్లిచూపుల దాకా లాక్కొచ్చాం.

విదేశీ ఉద్యోగానికో, చదువుకో మాట్లాడేటప్పుడు 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019' అంటే సరి. కాలేజీ పేరు చెబితే ముందు 'ఫ్రమ్' మర్చిపోవద్దు. డిగ్రీ కాకుండా ఇంటర్ అయితే 'ఫినిష్డ్' చాలు. స్నేహితుల దగ్గరంటారా... అక్కడ పాసవుటే హాయి!