పేరంటమునకు రాని తల్లి

మన గుంటూరు, ప్రకాశము సీమలలో శ్రావణము మొదలు సంక్రాంతి వఱకు పేరంటములకు కొదువ లేదు. బొట్టు పెట్టి పిలుచుట, తాంబూలమిచ్చుట, బిడ్డల నెత్తుకొని వచ్చిన తల్లులతో కష్టసుఖములు చెప్పుకొనుట మనకు తరతరముల వాడుక. కాని యీ కూటములనుండి మెల్లమెల్లగా మఱుగుపడిపోవు తల్లులు కొందఱు గలరు. మొదటి యేడు బిడ్డతో వత్తురు. రెండవ యేడు బిడ్డను ఇంట విడిచి వత్తురు. మూడవ యేడు వారే రారు. పిలుచువారును క్రమముగా పిలుచుట మానుదురు. కారణమడిగినచో "ఆ పిల్లవాడు అదో రకము" అని యొక మాటతో సరిపెట్టుదురు. ఆ "అదో రకము"ను గూర్చియే నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిని.

వైద్యులు దీనిని ఆటిజమందురు. స్వలీనత యనియు వ్యవహరించుచున్నారు. ఇది అంటురోగము కాదు. మందుతో మాన్పదగిన జబ్బును కాదు. మెదడు పెరుగు తీరులో కలిగిన భేదము. ఇట్టి బిడ్డ పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడకపోవచ్చును. కావలసిన వస్తువును వ్రేలితో చూపక, మన చేయి పట్టి దానికడకు నడిపించుకొని పోవచ్చును. మాటలు ఆలస్యముగా రావచ్చును. విన్న మాటనే మరల మరల పలుకవచ్చును. నిత్యము నడచు క్రమము కొంచెము తప్పినను తల్లడిల్లవచ్చును. కొందఱు చక్కగా చదివి యుద్యోగములు చేయుదురు; కొందఱికి జీవితాంతము తోడు కావలయును. ప్రపంచారోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021వ సంవత్సరమున లోకములో సుమారు 127 మందికి ఒకరు ఇట్టివారు. ఈ లెక్క మనకును వర్తించినచో, అయిదువేల జనము గల యూరిలో సుమారు నలువదిమంది యుందురు. వారెక్కడ నున్నారో మనమెన్నడైన విచారించితిమా?

వీరిలో పెక్కుమందికి ఇంద్రియముల సున్నితము వేఱు. మిరపకోతల కాలమున మన కళ్ళములు ఎఱ్ఱని తివాచీలు పఱచినట్లుండును. ఆ ఘాటు మనకు రెండు తుమ్ములతో పోవును. అట్టి బిడ్డకు అది భరింపరాని బాధ కావచ్చును. పోపు చిటపట, మిక్సీ మ్రోత, గుడిలోని మైకు, శివరాత్రినాడు కోటప్పకొండ ప్రభల వెలుగులు, తిరునాళ్ల త్రొక్కిడి - మనకు వేడుకయైనది వానికి పిడుగుపాటు కావచ్చును. వాడు చెవులు మూసికొని యఱచినప్పుడు మనము పెంకితనమందుము. మాట రాని బిడ్డ తన బాధను మఱి యే విధముగా చెప్పుకొనగలడు?

ఇక నింద యెప్పుడును తల్లిమీదనే పడును. గ్రహణమునాడు బయట తిరిగెననియు, పూర్వజన్మ పాపమనియు, పత్తి తీయబోవుచు బిడ్డచేతికి ఫోను ఇచ్చి పోయెననియు పలువురు పలువిధముల పలుకుదురు. ఈ నింద మన పల్లెలకే చెల్లినది కాదు. గొప్ప చదువులు చదివినవారును దీనిని మోపిరి. 1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి యీ స్థితిని వర్ణించెను. పిమ్మట కొందఱు పండితులు తల్లిదండ్రులలో వాత్సల్యము కొఱవడుటయే కారణమనిరి. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ వ్రాసిన గ్రంథము ఆ వాదమునకు మిక్కిలి ప్రచారము కలిగించెను. మన భాషలో "చల్లని తల్లి" యన్నది దీవెన. అచ్చట మంచువలె చల్లనిదనుట తల్లిపై నేరారోపణమైనది! ఈ వాదమును ముందే యెదిరించినవాడు, ఇట్టి కుమారుని గన్న తండ్రి బెర్నార్డ్ రిమ్‌లాండ్. ఆయన 1964లోనే గ్రంథము వ్రాసి, మూలము శరీరధర్మమునందే కలదని వాదించెను. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అను వైద్యులు 21 కవల జంటలను పరిశీలించి, ఇందులో వంశానుగత గుణముల పాత్ర గలదని చూపిరి. 1998లో టీకాను అనుమానించుచు వెలువడిన యొక వ్యాసమును, దానిని ప్రకటించిన వైద్యపత్రికయే 2010లో ఉపసంహరించుకొనెను. కావున టీకా వేయించిన తల్లియు దోషి కాదు; కూలికి పోయిన తల్లియు దోషి కాదు.

భాగవతమున జడభరతుని కథ మనమెఱుగుదుము. ఆయన మౌనమును జూచి లోకము జడుడనెను. సోదరులు పొలము పనికి పంపి, నూకయు తవుడును పెట్టిరి. ఆయన మహాజ్ఞాని యని తెలిసిన పిమ్మట రహూగణుడు పల్లకి దిగి మ్రొక్కెను. ఈ కథ చదివి, పలుకని ప్రతి బిడ్డయందును గుప్తజ్ఞానము వెదకుట తగదు. జ్ఞాని కాకున్నచో ఆ నూకయు తవుడును న్యాయమగునా? నాకు తెలిసిన మిరపరైతు నింట నొక బాలుడు కలడు, మాటలాడడు. కూలీలు వెడలిన పిదప, సద్దు మణిగిన కళ్ళమున తల్లిప్రక్క కూర్చుండి, ఎఱ్ఱకాయలనుండి తాలుకాయల నేరును. "పనికి వచ్చినాడే!" అని యిరుగుపొరుగులు మెచ్చుకొనిరి. ఆ తల్లి మాత్రము, "తాలు ఏరినందుకు కాదమ్మా, నా పక్కన అంతసేపు కూర్చున్నాడు. అదే నాకు పండుగ" అనెను. ఆదరణ యననేమో ఆమె యొక్క మాటలో చెప్పినది.

అయితే ఆదరణ యనగా చేతులు కట్టుకొని కూర్చుండుట కాదు. రెండేండ్లు నిండినను మాటలు రాకున్న, వచ్చిన మాటలు పోయినను, "మేనమామకును ఆలస్యముగానే వచ్చినవి" యని కాలము గడపక, వినికిడి పరీక్ష చేయించి పిల్లల వైద్యుని చూపింపవలయును. బొమ్మలతో, సైగలతోనైన తన కోరిక తెలుపుట బిడ్డకు నేర్పవచ్చును. 1984లో సికిందరాబాదున స్థాపింపబడిన జాతీయ సంస్థలో పరీక్షయు, తల్లిదండ్రులకు శిక్షణయు కలవు. మన రాష్ట్రమున ప్రత్యేకావసరములు గల పిల్లలకు భవిత కేంద్రములు గలవు. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజము పేరే లేదు. 2016 నాటి చట్టము 21 వైకల్యములలో దానిని చేర్చెను. 40 శాతము, అంతకు మించిన వైకల్యమున్నట్లు ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వఱకు ఉచితవిద్య హక్కు. "మా తరువాత వీనికి దిక్కెవ్వరు?" అను ప్రశ్న తల్లిదండ్రులను రాత్రులు నిదురపోనీయదు. అట్టివారికై 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము, 18 ఏండ్లు నిండిన పిదప సంరక్షకుని నియమించు ఏర్పాటు చేసినది.

చట్టము చేయలేని పని యొకటి మన చేతిలో నున్నది. ఆ తల్లిని బిడ్డతోగూడ పిలువుడు. ఎందఱు వత్తురో, ఏమి జరుగునో ముందే తెలుపుడు. సద్దులేని గది యొకటి విడిచి యుంచుడు. బిడ్డ బుగ్గలు పుణుకవలదు. నమస్కారము పెట్టుమని నిర్బంధింపవలదు. ఇంటినుండి తెచ్చుకొన్న అన్నమే తినునేని తిననిండు. వాడు ఏడ్చినచో అందఱును తిరిగి చూడకుడు, "ఏమి చేయమందువమ్మా?" యని తల్లి నడుగుడు. వానికి అలవాటైన వారెవరైన కొంతసేపు కనిపెట్టియున్నచో, ఆ తల్లి వేడియన్నము స్థిమితముగా తినగలదు. వాడు వినుచుండగా వానిని గూర్చి జాలిమాటలాడకుడు; మాట రానివానికి వినబడదనుకొనరాదు.

రాబోవు శ్రావణమున బొట్టుపెట్టె చేత బట్టి బయలుదేరునపుడు, మనము దాటిపోవుచున్న గడప యేదియో యొకసారి తలచుకొందము. ఆ గడప నెక్కి పిలుచుటకు ధనమక్కఱలేదు, విద్యయు అక్కఱలేదు.