విదేశం నుంచి తిరిగొస్తే ఓడిపోయినట్టేనా?

గుగులోత్ సౌమ్య. ఈ పేరు మీలో ఎంతమందికి తెలుసు?

2001లో పుట్టిన అమ్మాయి. నిజామాబాద్ జిల్లాలోని ఓ తండా నుంచి వచ్చింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు ‘మన తెలుగమ్మాయి యూరప్‌లో ఆడబోతోంది’ అని వార్తలొచ్చాయి. ఆ తర్వాత ఇండియాకి తిరిగొచ్చేసింది. అక్కడితో చాలామంది ఆమె సంగతి వదిలేశారు. ‘ఛాన్స్ వచ్చింది, నిలబెట్టుకోలేకపోయింది’ అని మనసులోనే ఫైల్ క్లోజ్ చేసేశారు.

2025 మే నెలలో ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ అవార్డులు ప్రకటించింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ ఎవరో తెలుసా? సౌమ్యే!

మరి ఆమె జాగ్రెబ్ నుంచి తిరిగి రావడాన్ని ఏమనాలి? ఓటమి అనాలా? ఈ ప్రశ్న నన్ను కొన్నాళ్లుగా వదలడం లేదు. ఎందుకంటే ఇది ఫుట్‌బాల్‌కి మాత్రమే సంబంధించింది కాదు.

మా వైపు వలసకి ఒకటే దారి

మా ఊరు నల్లమాడ. ఒకప్పటి అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. ఉద్యోగం బెంగళూరులో, సాఫ్ట్‌వేర్. రాత్రంతా ప్రీమియర్ లీగ్ చూసి, పొద్దున స్టాండప్ మీటింగ్‌లో కెమెరా ఆఫ్ చేసుకునే బ్యాచ్ మనది.

మా వైపు వాన నమ్మకం లేదు. వాన పడకపోతే చెనిక్కాయ పంట లేదు. అందుకే ఊరు దాటి పోవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన విషయం. ఒకరు బెంగళూరులో కూలికి పోతారు, ఒకరు ఇంజనీరింగ్ చదివి ఆన్‌సైట్ పోతారు. ఎవరు పోయినా ఊరి లెక్క ఒకటే. బయటికి పోయినోడు గెలిచినట్టు. తిరిగొచ్చినోడి సంగతే అనుమానం.

మా పెద్దమ్మ కొడుకు జర్మనీకి ఆన్‌సైట్ వెళ్లాడు. పది నెలలకి ప్రాజెక్ట్ అయిపోయింది, వచ్చేశాడు. పండక్కి ఊరికి పోతే రచ్చకట్ట మీద ఓ పెద్దాయన అడిగాడు.

‘‘ఏమప్పా, వాళ్లే పంపించేసినారా, నువ్వే వచ్చేస్తివా?’’

‘‘లేదు తాతా, పని అయిపోయింది. వచ్చేసినా.’’

‘‘ఊ...’’ అన్నాడు పెద్దాయన. ఆ ‘ఊ’లో నమ్మకం మాత్రం లేదు.

మా అన్న అక్కడ నేర్చుకున్న పనితోనే ఇప్పుడు ఇక్కడ ఒక టీమ్‌ని నడుపుతున్నాడు. అయినా ఊళ్లో అతను ఇంకా ‘జర్మనీ నుంచి వచ్చేసిన అబ్బోడే’. సౌమ్య విషయంలో మనం చేసింది కూడా సరిగ్గా ఇదే.

అసలు ఎందుకు వెళ్లింది?

స్కూల్లో పరుగు పందేల్లో ముందుండే పిల్ల. కోచ్ చూసి ఫుట్‌బాల్ వైపు మళ్లించారు. వయసు విభాగాల్లో దేశానికి ఆడింది, తర్వాత సీనియర్ జట్టుకీ ఎంపికైంది. అటాకింగ్ ప్లేయర్, వేగమే ఆమె ఆయుధం.

2022లో ఆమె గోకులం కేరళ జట్టులో ఉంది. ఆ సీజన్ ఇండియన్ విమెన్స్ లీగ్‌లో గోకులం 11 మ్యాచ్‌లు ఆడి 11 గెలిచి టైటిల్ కొట్టింది. సూపర్ కదా? ఇప్పుడు ఆ అంకెను ఇంకోలా చూడండి. దేశంలోనే అతి పెద్ద మహిళల లీగ్‌లో చాంపియన్ జట్టు ఆడింది మొత్తం 11 మ్యాచ్‌లు. అవి కూడా ఏప్రిల్ మధ్యలో మొదలై మే చివరికల్లా అయిపోయాయి. ఆరు వారాల్లో సీజన్ క్లోజ్.

మరి మిగతా పది నెలలు? ప్రాక్టీస్, క్యాంపులు, ఎదురుచూపులు. కోడింగ్ నేర్చుకుని ఏడాదికి ఆరు వారాలే ల్యాప్‌టాప్ చేతికిస్తే మనం ఎంత ఎదుగుతాం?

అదే ఏడాది ఆగస్టులో ఇంకో దెబ్బ. మన ఫెడరేషన్‌ని ఫిఫా సస్పెండ్ చేసింది. ఆసియా క్లబ్ చాంపియన్‌షిప్ కోసం అప్పటికే తాష్కెంట్ చేరుకున్న గోకులం జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా వెనక్కి రావాల్సి వచ్చింది. ఆఫీసు గొడవలు పెద్దవాళ్లవి, నష్టం ఆడేవాళ్లకి. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు కానీ అప్పటికే ఆ టోర్నీ చేజారిపోయింది.

ఆ వేసవి తర్వాతే సౌమ్య, మధ్యప్రదేశ్‌కి చెందిన జ్యోతి చౌహాన్ ఇద్దరూ జాగ్రెబ్ బాట పట్టారు. ఇదే టైమ్‌లో గోకులం నుంచే మనీషా కల్యాణ్ సైప్రస్ క్లబ్ అపోలోన్‌కి వెళ్లి, యూఈఎఫ్ఏ విమెన్స్ చాంపియన్స్ లీగ్‌లో ఆడిన తొలి భారతీయురాలైంది. వీళ్లు వెళ్లింది ఫారిన్ మోజుతో కాదు. ఆట దొరికే చోటికి వెళ్లారు. మా ఊరోళ్లు పని దొరికే చోటికి వెళ్లినట్టే.

చిన్న దేశం, పెద్ద స్కూల్

క్రొయేషియా జనాభా 2021 లెక్కల ప్రకారం 39 లక్షల లోపు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 2011లోనే 40 లక్షలు దాటింది. అంటే మన జిల్లా కంటే చిన్న దేశం! అదే దేశం పురుషుల వరల్డ్ కప్‌లో 2018లో రన్నరప్, 2022లో మూడో స్థానం.

డైనమో జాగ్రెబ్ అంటే లూకా మోడ్రిచ్ ఎదిగిన క్లబ్. ఆ మోడ్రిచ్‌నే మొదట్లో ఈ క్లబ్ పక్క దేశం బోస్నియాలోని జ్రిన్‌స్కి మోస్తార్‌కి లోన్ మీద పంపింది. అక్కడి గరుకు ఆటలో రాటుదేలి వచ్చాడు. 2008లో ఇంగ్లండ్‌లోని టోటెన్‌హామ్‌కి వెళ్లాడు, 2018లో బాలన్ డి ఓర్ గెలిచాడు. ఫుట్‌బాల్‌లో దారి ఎప్పుడూ మెట్ల వరసలా పైకే ఉండదు. పక్కకి, కిందకి, మళ్లీ వెనక్కి పోతుంది.

జాగ్రెబ్‌లో జ్యోతి హ్యాట్రిక్ కొట్టింది. సౌమ్య అక్కడ సూపర్‌స్టార్ అయిపోలేదు. కానీ కొత్త భాష, చలి, శరీరంతో ఢీకొట్టే డిఫెండర్లు, ఇవన్నీ ఇంటర్వ్యూ ప్రిపరేషన్‌తో వచ్చే స్కిల్స్ కావు. అక్కడ ఉంటేనే వస్తాయి.

ఇంగ్లండ్ గేటు దగ్గర ఆగినవాళ్లు

‘మరి డైరెక్ట్‌గా ఇంగ్లండ్‌లోనే ఆడొచ్చు కదా’ అని కామెంట్ పెట్టేవాళ్లు ఉంటారు. అక్కడ టాలెంట్‌తో పాటు వర్క్ పర్మిట్ కూడా కావాలి. మన హెచ్1బీ కష్టాలు తెలిసినవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది.

2009లో సునీల్ ఛెత్రిని లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ తీసుకుంది. వర్క్ పర్మిట్ రాలేదు. కారణం ఛెత్రి ఆట కాదు, ఫిఫా ర్యాంకింగ్స్‌లో ఇండియా టాప్ 70లో లేకపోవడం. తర్వాత అమెరికా వెళ్లాడు, పోర్చుగల్ వెళ్లాడు. రెండు చోట్లా ఎక్కువ కాలం లేడు, తిరిగొచ్చాడు. తిరిగొచ్చినవాడే దేశం తరఫున 90కి పైగా గోల్స్ కొట్టాడు.

ఇది మనకొక్కరికే జరిగింది అనుకోకండి. సౌతాఫ్రికా కుర్రాడు పర్సీ తావ్ కథ చూడండి. 2018లో ఇంగ్లండ్ క్లబ్ బ్రైటన్ అతణ్ని కొనుక్కుంది. వర్క్ పర్మిట్ దొరకలేదు. బెల్జియంలో సెకండ్ డివిజన్ జట్టుకి లోన్, తర్వాత బ్రూజ్‌కి, ఆ తర్వాత ఆండర్‌లెక్ట్‌కి. ఇలా తిరిగి తిరిగి 2021 జనవరిలో ఎట్టకేలకు బ్రైటన్ జెర్సీ వేసుకున్నాడు. అక్కడ దొరికినవి కొద్ది మ్యాచ్‌లే. అదే ఏడాది ఆఫ్రికాకి తిరిగొచ్చేసి ఈజిప్ట్ క్లబ్ అల్ అహ్లీలో చేరాడు.

ఫెయిల్ అయ్యాడా? 2023లో ఆఫ్రికా ఖండంలోని క్లబ్బుల్లో ఆడేవాళ్లలో ఉత్తమ ఆటగాడి అవార్డు పర్సీ తావ్‌దే.

సౌమ్య, పర్సీ తావ్ ఒకరి గురించి ఒకరు విన్నారో లేదో కానీ, ఇద్దరి గ్రాఫ్ ఒకేలా ఉంది. వెళ్లారు, తక్కువ ఆడారు, తిరిగొచ్చారు, తమ చోట నంబర్ వన్ అయ్యారు.

బెంచ్ మీద కూర్చుంటే ఏమొస్తుంది?

మన ఐటీలో ‘బెంచ్’ అంటే తెలుసుగా. జీతం వస్తుంది, బ్యాడ్జి ఉంటుంది, పని ఉండదు. ఆరు నెలలు బెంచ్ మీద ఉన్నోడికి ఇంటర్వ్యూలో చేతులు వణుకుతాయి. ఫుట్‌బాల్‌లో బెంచ్ ఇంకా దారుణం. 22, 23 ఏళ్ల వయసులో ఆడని ప్రతి నెలా తర్వాతి కెరీర్ నుంచి కోసేసినట్టే.

కాబట్టి ఏ యువ ప్లేయర్‌నైనా చూసేటప్పుడు ‘ఏ దేశంలో ఉంది’ అని కాదు, ‘ఎన్ని నిమిషాలు ఆడుతోంది’ అని అడగాలి. పెద్ద క్లబ్ పేరు ఇన్‌స్టా బయోలో బాగుంటుంది. గ్రౌండ్‌లో గడిపిన నిమిషాలే కాళ్లలో మిగులుతాయి.

సౌమ్య తిరిగొచ్చి ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఆడింది. ఈస్ట్ బెంగాల్‌కి చేరింది. సికింద్రాబాద్ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరామ్ ఒకప్పుడు మెరిసిన క్లబ్ అది. 1962 ఆసియా క్రీడల్లో గోల్డ్ కొట్టిన మన జట్టులో బలరామ్ ఉన్నాడు. ‘మైదాన్’ సినిమాలో అజయ్ దేవగణ్ చేసిన హైదరాబాదీ కోచ్ రహీమ్ సాబ్ జట్టు అదే.

2025 ఏప్రిల్‌లో ఒడిశా ఎఫ్‌సీ మీద 1-0తో గెలిచి ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు లీగ్ టైటిల్ అందుకున్నారు. ఆ ఒక్క గోల్ కొట్టింది సౌమ్యే. ఆ క్లబ్‌కి జాతీయ లీగ్ టైటిల్ రావడం 21 ఏళ్ల తర్వాత అదే తొలిసారి.

ఆ జూన్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్స్. మంగోలియా మీద ఇండియా 13-0తో గెలిచిన మ్యాచ్‌లో సౌమ్య రెండు గోల్స్ కొట్టింది. జులై 5న థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి, మన అమ్మాయిలు 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించారు. క్వాలిఫయింగ్ ఆడి ఆ టోర్నీకి వెళ్లడం మన మహిళల జట్టుకి అదే మొదటిసారి.

తర్వాతి అమ్మాయి సంగతి

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, అనంతపురంలో ఆర్‌డీటీ స్పోర్ట్స్ విలేజ్ ఉంది. దులీప్ ట్రోఫీ జరిగిన క్రికెట్ గ్రౌండ్‌గా చాలామందికి తెలుసు. అక్కడ ఫుట్‌బాల్ ఆడే పల్లెటూరి పిల్లలూ ఉన్నారు, వాళ్లలో అమ్మాయిలూ ఉన్నారు. స్పెయిన్ లా లిగా కూడా అక్కడి ఫుట్‌బాల్‌కి తోడ్పడింది.

మా వైపు ఒక ఇంట్లో అమ్మాయికి ఇలాంటి అవకాశం సాధారణంగా ఒక్కసారే దొరుకుతుంది. ‘ఒక ఏడాది చూద్దాం, లేదంటే పెళ్లి’ అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇంట్లో నాన్న ఫోన్‌లో ‘యూరప్ వెళ్లిన అమ్మాయి వచ్చేసిందంట’ అనే మాట మాత్రమే చూస్తే, తన కూతుర్ని కోల్‌కతా కూడా పంపడు. ‘వచ్చేసింది, వచ్చాక దేశంలోనే బెస్ట్ అయింది’ అనే రెండో సగం కూడా చేరితే లెక్క మారుతుంది. ఆ రెండో సగం ఫార్వర్డ్ చేయడం మన పనే.

ఇంకోటి, ఫెడరేషన్ పని. 2024-25 సీజన్‌లో కూడా లీగ్‌లో ఒక్కో జట్టుకి దొరికినవి 14 మ్యాచ్‌లే. ఇంట్లోనే ముప్ఫై మ్యాచ్‌లు ఉంటే జాగ్రెబ్ అనేది ఇష్టంతో ఎంచుకునే దారి అవుతుంది. లేనంతకాలం అది వలసే.

ఈసారి సౌమ్య మ్యాచ్ మొబైల్‌లో స్ట్రీమ్ అయితే ఒక అరగంట చూడండి. బాల్ కాలికి తగలగానే తల ఎత్తి ఎటు పరిగెడుతుందో గమనించండి. అందులో తండా ఉంది, జాగ్రెబ్ కూడా ఉంది. పండక్కి ఊరెళ్లినప్పుడు ఆన్‌సైట్ నుంచి వచ్చేసిన అన్న ఎవరైనా కనిపిస్తే, ‘ఎందుకొచ్చేశావ్’ అని కాకుండా ‘అక్కడ ఏం నేర్చుకున్నావ్’ అని అడిగి చూడండి.