సీసపు గుండు గురి ఎందుకు తప్పుతుంది?

పల్నాటి జొన్నచేలలో మంచెమీద నిలబడి వడిసెల త్రిప్పే కాపలాదారును గమనించండి. వడిసెలలో ఉన్నంతసేపు రాయి గుండ్రంగా తిరుగుతుంది. త్రాటి కొసను వదలిన క్షణంలోనే ఆ వృత్తానికి స్పర్శరేఖ వెంట దూసుకుపోతుంది. పెద్ద రివాల్వరులో పేల్చిన పోతగుండు గురి తప్పటానికి గల ఒక ముఖ్యకారణం ఈ వడిసెలలోనే కనిపిస్తుంది.

గుండ్లను సీసంతో పోస్తారు. ఈ లోహం ఈ ప్రాంతానికి క్రొత్త కాదు. వినుకొండకు చేరువలోని అగ్నిగుండాల ప్రాంతంలో, బండలమొట్టు గనినుంచి సీసపు ఖనిజమైన గెలీనాను పూర్వం త్రవ్వి తీశారు. సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరుగుతుంది. నీటికంటె 11 రెట్లకు పైగా బరువైనది, మెత్తనిది కూడా.

రివాల్వరు గొట్టం లోపల మెలిదిరిగిన చాళ్ళు ఉంటాయి. మెత్తని సీసం వాటిలో ఒరసుకొని గిరగిర తిరుగుతూ వెలువడుతుంది. తిరిగే బొంగరం పడిపోనట్లే, తిరిగే గుండు పల్టీ కొట్టదు. 40 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిప్పే గొట్టంనుంచి సెకండుకు 240 మీటర్ల వేగంతో వెలువడే గుండు, సెకండుకు 600 చుట్లు తిరుగుతుందన్నమాట.

ఇప్పుడు 16 గ్రాముల గుండులో 3 మి.మీ. వ్యాసంగల గాలిబుడగ ఒకటి, అక్షానికి 3 మి.మీ. ప్రక్కగా ఉన్నదనుకుందాం. అక్కడ తగ్గిన బరువు 0.16 గ్రాము, అంటే నూటికి ఒక పాలు. అందువల్ల గుండు గరిమనాభి అక్షంనుంచి 0.03 మి.మీ. తొలగుతుంది. గొట్టంలో ఉన్నంతసేపు ఆ గరిమనాభి వడిసెలలోని రాయివలె అక్షంచుట్టూ తిరుగుతుంది. గొట్టం దాటగానే స్పర్శరేఖ వెంట, సెకండుకు సుమారు 11 సెం.మీ. వేగంతో ప్రక్కకు జరుగుతుంది. 24 మీటర్ల దూరం పోవటానికి సెకండులో పదోవంతు పడుతుంది. ఆ వ్యవధిలో గుండు ఒక సెంటీమీటరుకు పైగా తప్పుకుంటుంది. బుడగ ఒక్కొక్క గుండులో ఒక్కొక్క దిక్కున ఉంటుంది కనుక, గురిచూచే సాధనాన్ని సవరించినా ఈ దోషం పోదు.

మరి బుడగ ఎలా ఏర్పడుతుంది? సీసం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది. ఆ కొరత తీరాలంటే అచ్చు నోటివద్ద కొంత కరిగిన లోహం మిగిలి ఉండాలి. అచ్చు చల్లగా ఉంటే గుండుమీద ముడతలు పడతాయి. కొంచెం తగరం కలిపితే లోహం అచ్చు మూలలకు చక్కగా ప్రాకుతుంది. ఆంటిమొని కలిపితే గట్టిపడుతుంది. పోసిన గుండ్లను త్రాసులో తూచి, తేలికపాటివాటిని ఏరివేయాలి.

గుండు అడుగుభాగం మరీ ముఖ్యం. అమెరికా పరిశోధకుడు ఎఫ్. డబ్ల్యు. మాన్ 1909లో ప్రకటించిన గ్రంథంలో, మొన చెడిన గుండుకంటె అడుగు చెడిన గుండే ఎక్కువగా గురి తప్పుతుందని ప్రయోగాలతో చూపాడు. అడుగు వంకరైతే, గొట్టం చివర వాయువులు గుండును ఒకవైపు ఎక్కువగా నెడతాయి.

రివాల్వరులో ఇంకొక చిక్కు ఉన్నది. గుండు తిరిగే చక్రంలోని అరనుంచి గొట్టంలోకి దూకాలి. అర మూతి గొట్టంకంటె ఇరుకైతే గుండు నలిగి సన్నబడుతుంది. ప్రక్కలనుంచి వేడివాయువులు దూరి సీసాన్ని కోస్తాయి. కనుక గుండు వ్యాసం గొట్టం చాళ్ళ వ్యాసంకంటె ఒక వెంట్రుకవాసి ఎక్కువగా ఉండాలి. అర మూతి ఆ గుండుకు సరిపోవాలి.

సీసపు ధూళి, ఆవిరి విషం. ఆయుధాలను, మందుగుండును 1959 నాటి ఆయుధాల చట్టం నియంత్రిస్తుంది. కనుక విద్యార్థులకు తగిన ప్రయోగం వేరే ఉన్నది. బొంగరానికి ఒకప్రక్క కొంచెం మైనం అంటించి త్రిప్పండి. అది వణికే తీరు చూడండి. అంతే మైనాన్ని ఎదురుప్రక్క కూడా అంటించి మళ్ళీ త్రిప్పండి, వణుకు తగ్గుతుంది. గురి కంటిలోను, చేతిలోను మాత్రమే కాదు, అచ్చులోను, త్రాసులోను కూడా ఉన్నదని అప్పుడు స్పష్టమవుతుంది.