సీఎస్‌ఆర్ రిపోర్టు కంటే ముందు బోర్డును చదవండి

తడ నుంచి శ్రీసిటీ వైపు వెళ్తే దారి పొడవునా కంపెనీల బోర్డులే. చుట్టుపక్కల బడి బెంచీల మీద, మంచినీళ్ల ట్యాంకుల మీద కూడా అవే లోగోలు. బెంచీలు ఇచ్చిన కంపెనీ టీచర్ జీతం ఎందుకివ్వలేదని ఎప్పుడైనా అనిపించిందా? జవాబు ఆ కంపెనీ బోర్డు రూమ్‌లో ఉంటుంది.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర లాభం 5 కోట్లు లేదా టర్నోవర్ 1,000 కోట్లు లేదా నెట్‌వర్త్ 500 కోట్లకు చేరిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు ఖర్చుపెట్టాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. దేనికి ఖర్చుపెట్టాలో తేల్చేది డైరెక్టర్లు. ఏటా దాని మీద రిపోర్టు ఇచ్చేదీ వాళ్లే. అందుకే వాళ్లు ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, ఏం చూశారు అన్నది ముఖ్యం.

మన జిల్లాల్లోనే చూడండి. రైతు కుటుంబం నుంచి వచ్చిన గల్లా రామచంద్ర నాయుడు అమెరికాలో ఇంజినీరుగా చేసి, తిరిగొచ్చి 1985లో అమరరాజా మొదలుపెట్టారు. ఆ గ్రూపు స్కిల్ సెంటర్ పెట్టింది ఆయన సొంతూరు పేటమిట్టలోనే. ఊరితో బంధం ఉన్నవాళ్లకు ఊరి అవసరం కళ్లకు కడుతుంది. కానీ ఊరితో బంధం లేని బోర్డుల సంగతేంటి?

పెద్ద చదువులుంటే సరిపోతుందా అంటే, హైదరాబాద్ సత్యం కథ గుర్తుచేసుకోవాలి. దాని బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలేపు, ఐఎస్‌బీ డీన్ రామ్మోహన్ రావు ఉండేవారు. 2005లో 108 అంబులెన్సులు మొదలుపెట్టిందీ రామలింగరాజే. 2008లో ఆ కంపెనీకి మంచి పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న లెక్కలన్నీ తప్పుడువని రాజు లేఖ రాశారు. 108 ప్రాణాలు కాపాడిన మాట నిజం. ఆ మంచి పేరు చూసి లెక్కలు అడగడం మానేయడమే ముప్పు.

మహిళా డైరెక్టర్లు ఉన్న బోర్డులు సామాజిక విషయాలు ఎక్కువగా వెల్లడిస్తాయని చాలా పరిశోధనలు చెప్తున్నాయి. మంచిదే. కానీ ఎక్కువ రాయడం వేరు, ఎక్కువ చేయడం వేరు. సాఫ్ట్‌వేర్‌లో మేం డ్యాష్‌బోర్డులు కడతాం కదా, అందులో ఏ అంకె పెడితే అదే కనిపిస్తుంది. పెట్టనిది లేనట్టే. సీఎస్‌ఆర్ రిపోర్టూ అంతే. ఎన్ని బెంచీలు ఇచ్చారో ఉంటుంది, ఎంతమంది పిల్లలు బడి మానేశారో ఉండదు.

మరి మనమేం చేయాలి? వెబ్‌సైట్ ఉన్న కంపెనీ తన సీఎస్‌ఆర్ కమిటీ సభ్యుల పేర్లు, పాలసీ, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు అందులో పెట్టాల్సిందే. ఫోన్‌లో రెండు ట్యాబ్‌లు తెరవండి. ఒకదాంట్లో డైరెక్టర్లు, ఇంకోదాంట్లో రిపోర్టు. ఫ్యాక్టరీ పక్క ఊళ్ల సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది? ఫలితాలను బయటివాళ్లు ఎవరైనా కొలిచారా? సగటున ఏడాదికి 10 కోట్లు, ఆపైన సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు కోటి, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టులను స్వతంత్ర సంస్థతో అంచనా వేయించాలని రూల్ ఉంది.

పులికాట్‌లో వల వేసే మత్స్యకారుడో, యానాది కాలనీలో ఉండే అమ్మో బోర్డులో కూర్చోవడం మనం ఇప్పట్లో చూడకపోవచ్చు. వాళ్లకేం కావాలో కనుక్కున్నారా లేదా అన్నది మాత్రం రిపోర్టులో కనిపించాలి. కనిపించకపోతే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, కంపెనీకే మెయిల్ పెట్టి అడగండి.