ఎల్.ఇ.డి. దీపము మన్నుటెట్లు?

60 వాట్ల పాత బల్బు దినమునకు 5 గంటలు వెలిగినచో 30 దినములకు 9 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. ఇంచుమించు అంత వెలుతురునే యిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు 1.35 యూనిట్లు చాలును. కాని దీపము తరచుగా మాడిపోయినచో ఈ మిగులు క్రొత్తదీపముల వెలకే పోవును.

ఒక సభ్యుని పశువులశాలలో రెండు దీపములు వెంటవెంటనే మాడిపోయెను. ఆయన అంగడివానిని నిందించుచుండెను. మేము చూడగా హోల్డరు వదులై చిటచిటలాడుచుండెను. దాని ప్రక్కనే యెండుగడ్డి! హోల్డరు మార్పించిన పిమ్మట దీపము నిలిచినది. గడ్డికి అపాయము తప్పినది.

కొనునపుడు వాట్లనుమాత్రమే గాక పెట్టెమీది ల్యూమెనులను చూడవలెను. వెలుతురునకు కొలత యదియే. బి.ఐ.ఎస్. గుర్తు చూచి, హామీకాలము తెలిసికొని, రశీదు దాచుకొనవలెను.

ఈ దీపమునకు వేడిమి శత్రువు. సాధారణమైన దీపమును గాలియాడని బుడ్డిలో నుంచరాదు, పొయ్యిపైన వ్రేలాడదీయరాదు. పశువులశాలకు తేమకును దుమ్మునకును ఓర్చు ఐ.పి.65 గుర్తుగల దీపమును తెచ్చి, పశువుల కందని యెత్తున బిగింపవలెను.

నెలకొకసారి మెయిన్ స్విచ్చి ఆపి, దీపము చల్లారిన పిదప పొడిగుడ్డతో తుడువవలెను. తడిచేతితో తాకరాదు. దీపము మిణుకుమిణుకు మన్నచో ఉపేక్షింపక, పని తెలిసినవానిచే హోల్డరును తీగెలను పరీక్ష చేయింపవలెను.

కావున క్రొత్తదీపము కొనుటకు ముందే పాతహోల్డరును చూచుకొనుడని మా మనవి.