నల్లమల ఫొటో.. కలర్‌లో ఉంచాలా? బ్లాక్ అండ్ వైట్ చేయాలా?

శ్రీశైలం వెళ్లేవాళ్లకు దారిలో నల్లమల ఎదురవుతుంది. కొండలు కనిపించగానే ఫోన్లు బయటకు వస్తాయి. తీరా ఇంటికొచ్చి చూస్తే ఫొటో చప్పగా ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్ చేసేస్తే సరిపోతుందా? అన్నిసార్లూ కాదు.

ముందు ఒక్కటే చూసుకోవాలి.. అక్కడ మనల్ని ఆపింది రంగా, వెలుగునీడలా?

శివరాత్రి రోజుల్లో మోదుగు చెట్టు నిండా నారింజ రంగు పూలు, వెనక పచ్చటి చెట్లు. రంగు తీసేస్తే రెండూ దాదాపు ఒకే బూడిద రంగులోకి మారిపోవచ్చు. పువ్వు ఆకుల్లో కలిసిపోతుంది. ఇక్కడ కలరే కరెక్ట్.

అదే వానాకాలం పొద్దున.. కొండ వెనక కొండ, మధ్యలో మబ్బులు. రంగు తక్కువ, వరుసలే అందం. ఎండిన వాగులో రాళ్లు, ఆకురాలిన కొమ్మలూ అంతే. ఇవి బ్లాక్ అండ్ వైట్‌లో బాగా తేలతాయి.

అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1927లో యోసెమిటీలోని హాఫ్ డోమ్ కొండను ఎర్ర ఫిల్టర్‌ పెట్టి తీశారు. ఆ ఫిల్టర్ నీలి వెలుగును ఆపేయడంతో ఆకాశం నల్లబడింది, కొండ ముందుకొచ్చింది. ఇప్పుడు ఎడిటింగ్ యాప్‌లో బ్లూ స్లైడర్ తగ్గిస్తే దాదాపు అదే ఫలితం వస్తుంది.

అయితే అందుకు ఫొటోలో రంగు ఉండాలి. కెమెరాలో నేరుగా బ్లాక్ అండ్ వైట్ జేపెగ్‌గా తీస్తే ఆ రంగు ఇక తిరిగి రాదు. మోదుగు పూలు మళ్లీ చూడాలంటే ఏడాది ఆగాలి. అందుకే కలర్‌లో, వీలైతే రా ఫార్మాట్‌లో తీసుకుని.. నిర్ణయం ఇంటికొచ్చాక తీసుకోవడమే మేలు.