ఒక ఈతలో పది పిల్లలు

మన పల్లెలలో చిత్తకార్తె అనగానే అందరికిని కుక్కలు గుర్తునకు వచ్చును. సూర్యుడు చిత్తా నక్షత్రమున ఉండు ఈ కార్తె ఇంచుమించు అక్టోబరు 10వ తేదీన మొదలై 23వ తేదీవరకు నడచును. వీథికుక్కలు గుంపులు కట్టి తిరుగునది ఆ రోజులలోనే. ఇంట పెంచు కుక్క ఏ ఋతువులోనైనను ఎదకు రావచ్చును. సాధారణముగా ఆరేడు నెలలకు ఒకసారి వచ్చును. కాని వీథికుక్కల విషయములో మన పెద్దల పరిశీలన చాలవరకు సరియైనదే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయుదము. కుక్క చూలు మోయు కాలము సుమారు 63 దినములు. అక్టోబరు 15న చూలు నిలిచినచో డిసెంబరు 17న ఈనవలెను. అనగా ధనుర్మాసపు తొలి దినములు. నాయుడుపేట, సూళ్ళూరుపేట ప్రాంతములలో ఈశాన్య ఋతుపవనపు తడి అప్పటికి ఇంకను ఆరదు. తెల్లవారుజామున మంచు కురియుచుండును. తుపానుల భయము కూడ తీరదు. 2023వ సంవత్సరమున మిచౌంగ్ తుపాను నెల్లూరు, తిరుపతి జిల్లాలను వానలతో ముంచి బాపట్ల దగ్గర తీరము దాటినది డిసెంబరు 5న.

అప్పుడే పుట్టిన కుక్కపిల్లకు మొదటి శత్రువు ఆకలి కాదు, చలి. పిల్లలు మూడో నాలుగో అయినచో తల్లి కడుపు క్రింద అన్నిటికిని చోటు దొరకును. తల్లి తన పని తాను చక్కబెట్టుకొనును. పిల్లలు పది అయినచో తల్లి వెచ్చదనము, తల్లి పాలు, తల్లి రక్తములోని కాల్షియము - ఈ మూడును పదిపాళ్ళుగా పంచుకొనవలసి వచ్చును. లోటు ఎక్కడ వచ్చునో ముందుగా గ్రహించి దానిని పూడ్చుటకే మన ఏర్పాట్లన్నియు.

ఎన్ని పిల్లలు?

కుక్క గర్భాశయము మనుష్యుల గర్భాశయమువలె ఒక్క సంచి కాదు. దానికి పొడవైన రెండు కొమ్ములు ఉండును. ఎదకాలమున అండాశయములనుండి ఒకే విడతలో అనేక అండములు విడుదల అగును. ఫలించిన పిండములు ఆ రెండు కొమ్ములలోను చిక్కుడుకాయలో గింజలవలె వరుసగా కుదురుకొనును. ఒక ఈతలో ఐదారు పిల్లలు సామాన్యము. పెద్ద జాతులలో పది, పన్నెండు కూడ అరుదు కాదు. 2004లో ఇంగ్లండులో నియాపొలిటన్ మాస్టిఫ్ జాతి కుక్క ఒకటి 24 పిల్లలను ఈని ప్రపంచ రికార్డు స్థాపించినది.

జతకట్టిన రోజునుండి లెక్కించినచో ఈనుదినము 57వ రోజు మొదలు 72వ రోజు వరకు ఎప్పుడైనను కావచ్చును. దీనికి రెండు కారణములు కలవు. కుక్క అండము విడుదలైన తరువాత పరిపక్వము చెందుటకు రెండు రోజులు పట్టును. మగకుక్క బీజకణములు ఆడకుక్క శరీరములో ఇంచుమించు వారము రోజులు జీవించి ఉండగలవు. అందుచేత జతకట్టిన రోజు వేరు, చూలు నిలిచిన రోజు వేరు. పిల్లలు ఎక్కువైనప్పుడు ఒకటి రెండు రోజులు ముందుగా ఈనుట కద్దు. కనుక ఏర్పాట్లన్నియు 55వ రోజునాటికే పూర్తి కావలెను.

కడుపు పెద్దదిగా ఉన్నంతమాత్రమున పిల్లలు ఎక్కువ అని నిర్ణయింపరాదు. నాలుగు వారములు నిండిన తరువాత అల్ట్రాసౌండు పరీక్షలో పిల్లల గుండె కొట్టుకొనుట కనిపించును. కాని లెక్కకు ఎక్స్‌రే మేలు. సుమారు 45వ రోజునుండి పిల్లల ఎముకలలో ఖనిజములు చేరి అవి చిత్రములో కనిపించుట మొదలగును; 55 రోజులు దాటిన పిమ్మట తీసినచో పుర్రెలను, వెన్నెముకలను స్పష్టముగా లెక్కింపవచ్చును. ఈ లెక్క కేవలము కుతూహలమునకు కాదు. చిత్రములో తొమ్మిది పుర్రెలు కనిపించి, ఏడు పిల్లలు పుట్టిన తరువాత తల్లి అలసి పండుకొన్నచో, లోపల ఇంకను రెండు మిగిలి ఉన్నవని మనకు తెలియును. లెక్క తెలియనివారు ఈనుట ముగిసినదని తలచి నిద్రపోవుదురు.

తల్లి ఆహారము

మొదటి ఐదు వారములు కుక్కకు ఎప్పటి ఆహారమే చాలును. పిండముల బరువు ఎక్కువగా పెరుగునది చివరి మూడు వారములలో. అప్పుడు ఆహారమును క్రమముగా పావువంతునుండి సగమువరకు హెచ్చింపవలెను. పిల్లలు ఎక్కువైనచో గర్భాశయము జీర్ణకోశమును నొక్కివేయును. కాబట్టి ఒక్కసారి పెట్టునది నాలుగుసార్లుగా పెట్టవలెను. గంజి, మజ్జిగ అన్నములతో మాత్రము సరిపెట్టరాదు. మాంసము, గ్రుడ్లు, చేపలు వంటి మాంసకృత్తులు గల ఆహారము ఉండవలెను. చేపలలో ముళ్ళు తీసివేయవలెను.

ఇచ్చట చాలమంది చేయు ఒక పొరపాటును చెప్పవలెను. పది పిల్లల ఎముకలకు కాల్షియము కావలెను గదా అని చూడి కుక్కకు కాల్షియము మందులు పట్టుదురు. దీనివలన మేలుకంటె కీడే ఎక్కువ. మన శరీరములోవలెనే కుక్క మెడలోను పారాథైరాయిడ్ గ్రంథులు ఉండును. రక్తములో కాల్షియము తగ్గినప్పుడు ఎముకలలోని నిల్వను విడిపించుట వాని పని. బయటినుండి కాల్షియము ధారాళముగా వచ్చుచున్నచో ఈ గ్రంథులు మందగించును. ఈనిన తరువాత పాలకొరకు అకస్మాత్తుగా కాల్షియము కావలసివచ్చినప్పుడు అవి వెంటనే మేలుకొనజాలవు. ఆ ప్రమాదమును ముందు చూచెదము.

ఈనుచోటు

ఈనుటకు వారము పదిరోజులు ముందుగానే చోటు సిద్ధపరచి కుక్కను అక్కడ పండుకొనుటకు అలవాటు చేయవలెను. జనసంచారము లేని మూల, వాన జల్లు పడని ఎత్తైన నేల, ఎదురుగాలి తగలని గోడ - ఇవి ముఖ్యము. తల్లి కాళ్ళు బారజాపి పండుకొనునంత పెట్టె కావలెను. ఒక వైపు పలక తల్లి దాటిపోగలంత పొట్టిగాను, పిల్లలు దాటలేనంత ఎత్తుగాను ఉండవలెను.

పెట్టె లోపల నాలుగు ప్రక్కలను నేలకు పది సెంటీమీటర్ల ఎత్తున, గోడకు పది సెంటీమీటర్ల ఎడముగా ఒక కర్రను బిగింపవలెను. తల్లి గోడకు చేరగిలబడినప్పుడు కర్ర క్రింది సందులో పిల్ల భద్రముగా ఉండును. పిల్లలు ఎక్కువైనకొలది తల్లి క్రింద నలిగి చచ్చునవి ఎక్కువ. ఈ ఒక్క కర్ర అట్టి చావులను చాలవరకు ఆపును.

క్రింద పాత వార్తాపత్రికలు, వానిపై ఉతికి ఎండవేసిన పాత నూలుచీర మడతలు పరచవలెను. తడిసినకొలది మార్చుటకు చాలినన్ని దగ్గర ఉంచుకొనవలెను. తడి గుడ్డ పిల్ల వేడిని లాగివేయును.

చలి లెక్క

చిన్న ప్రాణి త్వరగా ఎందుకు చల్లబడును? పది సెంటీమీటర్ల భుజము గల ఘనమును తీసికొనుడు. దాని ఉపరితలము 600 చదరపు సెంటీమీటర్లు. ఘనపరిమాణము 1000 ఘన సెంటీమీటర్లు. భుజమును సగము చేసినచో ఉపరితలము 150, ఘనపరిమాణము 125. మొదటిదానిలో ఒక్కొక్క ఘన సెంటీమీటరుకు 0.6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలము ఉండగా రెండవదానిలో 1.2 కలదు. వేడి పోవునది ఉపరితలమునుండి. వేడిని పుట్టించునది లోపలి కండ. అందుచేతనే బిందెలోని వేడినీటికంటె చెంబులోని వేడినీరు త్వరగా చల్లారును. ఉపాధ్యాయులు రెండు ఉష్ణమాపకములతో దీనిని తరగతిలో చూపవచ్చును.

కుక్కపిల్లకు దీనికి తోడు మరియొక లోపము కలదు. మొదటి వారములో అది చలికి వణకజాలదు. వణకుట అనగా కండలు వేడి పుట్టించుటయే. అందుచేత దాని వెచ్చదనము బయటినుండియే రావలెను. మొదటి వారములో పిల్లలున్న చోటి ఉష్ణోగ్రత 29 మొదలు 32 డిగ్రీల సెంటిగ్రేడు ఉండవలెను. తరువాత వారవారమునకు రెండు మూడు డిగ్రీలు తగ్గింపవచ్చును. పెట్టెకు ఒక మూలపై మాత్రము వేడినిచ్చు దీపమును తగిన ఎత్తున వ్రేలాడదీయవలెను. రెండవ మూల చల్లగా ఉండవలెను. వేడి ఎక్కువైనచో పిల్లలు అటు ప్రాకిపోవును. పిల్లలు ఒకదానిపై ఒకటి గుట్టపడి అరచుచున్నచో చలి. దూరదూరముగా పడి రొప్పుచున్నచో వేడి. ప్రక్క ప్రక్కగా ఒదిగి నిద్రించుచున్నచో సరియైన ఉష్ణోగ్రత. తుపానురోజులలో కరెంటు పోవుట తప్పదు కనుక వేడినీరు పోసిన సీసాలకు గుడ్డ చుట్టి వాడుటకు సిద్ధముగా ఉంచుకొనవలెను.

ఒక నియమము మరువరాదు: చల్లబడిన పిల్లకు పాలు పట్టరాదు. శరీరపు వేడి 34 డిగ్రీలకు తగ్గినప్పుడు జీర్ణకోశము పని నిలిపివేయును. పాలు లోపల పులియును, లేదా ఊపిరితిత్తులలోనికి పోవును. మొదట మెల్లగా వెచ్చచేయవలెను, పాలు తరువాత.

ఈనువేళ

కుక్క సహజ ఉష్ణోగ్రత 38, 39 డిగ్రీల మధ్య ఉండును. చివరి వారములో ఉదయము, సాయంత్రము ఆసనద్వారమున ఉష్ణమాపకము పెట్టి చూచి వ్రాసికొనవలెను. ఒకనాడు అది సుమారు 37 డిగ్రీలకు పడిపోవును. చూలును నిలిపి ఉంచు ప్రొజెస్టెరాన్ అను హార్మోను తగ్గుటయే దీనికి కారణము. అప్పటినుండి సాధారణముగా 24 గంటలలోపల ఈనుట మొదలగును. కుక్క తిండి మాని, నేలను గీరుచు, రొప్పుచు తిరుగును.

తరువాత నొప్పులు వచ్చి అరగంటకో గంటకో ఒక పిల్ల చొప్పున పుట్టును. ప్రతి పిల్లకును ఒక మాయ పడవలెను, లెక్క వ్రాసికొనవలెను. తల్లి పొర చింపనిచో మనము చింపి, ముక్కు, నోరు తుడిచి, పొడి గుడ్డతో రుద్దవలెను. పిల్లను పట్టుకొని గాలిలో ఊపరాదు. బొడ్డుతాడు తెగి రక్తము కారుచున్నచో మరిగించిన దారముతో పొట్టకు రెండు సెంటీమీటర్ల దూరమున కట్టి అయొడిను పూయవలెను.

పది పిల్లలను మోసిన గర్భాశయపు కండరము అతిగా సాగి ఉండును. సగము పిల్లలు పుట్టునప్పటికి అది అలసి పని మానవచ్చును. ఈ క్రింది గుర్తులు కనిపించినచో పశువైద్యుని పిలువవలెను: అరగంటసేపు గట్టిగా ముక్కినను పిల్ల రాకపోవుట, లోపల పిల్లలుండగా రెండు గంటలు దాటినను తరువాతి పిల్ల పుట్టకపోవుట, మొదటి పిల్ల పుట్టకముందే ఆకుపచ్చని స్రావము కనిపించుట, వేడి తగ్గి ఒక దినము దాటినను నొప్పులు మొదలు కాకపోవుట. ఆకుపచ్చని రంగు మాయ అంచున ఉండు పదార్థము. అది ముందుగా వచ్చినదనగా మాయ విడిపోవుచున్నదని అర్థము. నొప్పుల ఇంజెక్షను మనంతట మనము వేయింపరాదు. పిల్ల అడ్డముపడి ఉన్నచో దానివలన గర్భాశయము చిరుగవచ్చును.

నాయుడుపేటవంటి ఊరిలో అర్ధరాత్రి ఎవరిని పిలువవలెనో, అవసరమైనచో ఏ వాహనములో పోవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. 1955లో స్థాపింపబడిన పశువైద్య కళాశాల తిరుపతిలో కలదు. కాని అది రోడ్డుపై గంటకు మించిన ప్రయాణము.

పాలు పంచుట

తల్లి శరీరములోని రోగనిరోధక పదార్థములలో నూటికి ఐదు మొదలు పది వంతులు మాత్రమే మాయద్వారా పిల్లలకు చేరును. మిగిలినవి ముర్రుపాలలో రావలెను. ఒక దినము గడచినచో పిల్ల ప్రేగులు వానిని గ్రహింపజాలవు. కాబట్టి చిట్టచివర పుట్టిన బలహీనపు పిల్లకు కూడ మొదటి పన్నెండు గంటలలో ముర్రుపాలు అందునట్లు చూడవలెను.

కుక్కకు సాధారణముగా ఐదు జతల చన్నులు ఉండును. వెనుకవానిలో పాలు ఎక్కువ. బలముగల పిల్లలు వానినే పట్టుకొనును. పిల్లలు పది దాటినచో వానిని రెండు జట్లుగా చేసి, రంగు ఉన్ని దారములను మెడకు వదులుగా కట్టి, రెండు మూడు గంటలకు ఒకసారి వంతులవారీగా విడువవలెను. చిన్నవానిని వెనుక చన్నులకు పట్టింపవలెను.

ఆవుపాలలో నీరు కలిపి పట్టుట మంచిది కాదు. ఆవుపాలలో క్రొవ్వు నూటికి నాలుగు, మాంసకృత్తులు మూడు పైచిలుకు. కుక్కపాలలో క్రొవ్వు సుమారు తొమ్మిది, మాంసకృత్తులు ఏడు. పలుచన చేసినచో పిల్ల కడుపు నిండును గాని ఒడలు పెరుగదు. పిల్లలకై తయారుచేసిన పాలపొడి ఒక డబ్బా ముందుగా తెచ్చి ఉంచుకొనవలెను. పట్టునప్పుడు పిల్లను బోర్లగా ఉంచవలెను. వెల్లకిల పట్టినచో పాలు ఊపిరితిత్తులకు పోవును.

ప్రతిదినము ఒకే వేళకు చిన్న తక్కెడలో పిల్లలను తూచి వ్రాయవలెను. 300 గ్రాముల పిల్ల దినమునకు 15 మొదలు 30 గ్రాములు పెరిగి పది రోజులకు ఇంచుమించు రెట్టింపు కావలెను. పది పిల్లలైనచో మూడు కిలోలు ఆరు కిలోలగును. ఆ మూడు కిలోల ఒడలంతయు తల్లి పాలనుండి వచ్చినదే. అందుచేతనే మూడు నాలుగు వారములనాటికి తల్లికి మామూలుకంటె మూడు రెట్ల ఆహారము, ఎప్పుడును నిండుగా నీరు కావలెను.

ఆ వారములే పాలజ్వరపు కాలము. ఆవుకు, గేదెకు ఈ వ్యాధి వచ్చుట మన రైతులు ఎరుగుదురు. రక్తములోని కాల్షియము పాలలోనికి పోయి తల్లి వణకును, కాళ్ళు బిగుసుకొనును, నిలువలేక పడిపోవును. గంటలలో ప్రాణము పోవచ్చును. మొదటి వణకుతోనే పిల్లలను తల్లినుండి తీసివేసి వైద్యునివద్దకు పోవలెను. నరములోనికి మెల్లగా కాల్షియము ఎక్కించినచో కుక్క చూచుచుండగనే లేచి నిలుచును.

చివరి ఏర్పాటు

రెండు వారముల వయస్సున పిల్లలకు ఏలికపాముల మందు మొదలుపెట్టవలెను. ఆ పురుగులు తల్లి కడుపులోనే పిల్లలకు అంటును; పిల్లలను ఎత్తుకొను బాలబాలికలకును అంటవచ్చును. ఆరు, ఎనిమిది వారముల మధ్య మొదటి టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా వేయింపవలెను.

పది పిల్లలకు పది ఇండ్లు కావలెను. వీనిని పిల్లలు పుట్టిన తరువాత గాక, ఎక్స్‌రే చూచిననాడే వెదకుట ఆరంభింపవలెను. ఇండ్లు దొరకని పిల్లలు బస్టాండు ప్రక్కన, చేపల అంగళ్ళ వెనుక తేలును. వచ్చు సంవత్సరము చిత్తకార్తెలో అవియే గుంపులలో చేరును. ఇంకొక ఈత అక్కరలేనివారు పాలు మాన్పించిన తరువాత తల్లికి శస్త్రచికిత్స చేయించుట మేలు.

ఇన్ని పనులకును కావలసిన ముఖ్య సాధనములు ఉష్ణమాపకము, తక్కెడ, గడియారము. ఇవి ప్రతి ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోను ఉన్నవి. వానిని చూచి వ్రాసికొనుటకు ఒక నోటు పుస్తకము తోడైనచో పదవ పిల్లకూడ బ్రతుకుటకు అవకాశము కలుగును.